అన్నపూర్ణ అలంకారం నాటి పులిహోర

మా వదినగారి చెయ్యి విరిగిందన్న కబురు మొట్టమొదట నాకు తెచ్చింది మా వీధి చివర పూతరేకులు చుట్టే ఆవిడ. ఆవిడ పుట్టిల్లు ఆత్రేయపురం, మెట్టిల్లు మా ఊరు. వారానికోసారి రాజమండ్రి వెళ్ళి స్వీటు కొట్లకి పూతరేకుల డబ్బాలు వేసి, వస్తూ వస్తూ మా వదినగారింట్లో కాసేపు కూర్చుని రావడం ఆవిడ అలవాటు. ఆ రోజు బస్సు దిగి ఇంటికి కూడా వెళ్ళకుండా, ఖాళీ డబ్బాల సంచీతో తిన్నగా మా గుమ్మంలోకి వచ్చేసింది.

"మీకు చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకున్నారండి మీ వదినగారు," అంది.

"ఏం చెప్పొద్దని?"

"ఆయ్, అదే చెప్తున్నానండి. పెరట్లో పాచి మీద జారి పడ్డారంట. కుడిచేతికి మోచెయ్యి దాకా సిమెంటు కట్టు. దసరాలు దగ్గరకొచ్చేశాయి కదండీ, ఆవిడ దిగులు చూడలేకపోయానండి. ఒట్టు సంగతి అమ్మవారే చూసుకుంటుందిలెండి."

వదినగారంటే మా వారి అక్కగారు. పెళ్ళయినప్పటి నుంచీ కాపురం రాజమండ్రిలోనే. రోజూ సాయంత్రం ఫోనులో మాట్లాడుకుంటూనే ఉన్నాం. "ఏం కూర వదినా?" అంటే "వంకాయ" అంటుంది. ఆ వంకాయ ఎవరు తరిగారని అడగాలని నాకు తోచలేదు.

మా వారికి చెబితే, "చేను పొట్ట మీద ఉంది, నేను కదల్లేను. నువ్వెళ్ళి దసరాలయ్యేదాకా ఉండిరా," అన్నారు. నా వంట లేకుండా అన్నాళ్ళు ఎలా ఉంటారంటే, ఆవకాయ జాడీ వైపు చూసి నవ్వారు. ఇలాంటి మనిషిని ఇచ్చినందుకు భగవంతుడికి నేను ఎప్పుడూ మొక్కుతూనే ఉంటాను.

పాడ్యమి ముందు రోజు బయల్దేరాను. రావులపాలెం అరటి మార్కెట్టులో ఒక కర్పూర అరటి గెల, రెండు కట్టలు అరిటాకులు కొని బస్సెక్కాను. ఆకులు చిరిగిపోకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే కండక్టరు, "ఏవండీ, పెళ్ళి భోజనాలకా?" అన్నాడు. "అమ్మవారికి," అన్నాను. "అయితే టికెట్టు మీకొక్కరికే," అని నవ్వాడు. జొన్నాడ వంతెన మీద గోదావరి నిండుగా, ఎర్రగా ఉంది. చేతులు ఖాళీ లేక మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

మా ఊరి నుంచి వెళ్ళిన నాబోటి వాళ్ళకి రాజమండ్రి పెద్ద పట్నమే. దసరాల్లో అయితే మరీను. ప్రతి మలుపులో ఒక పందిరి, ప్రతి పందిరికీ ఒక మైకు. ఆటోవాడు ఏ సందులోకి తిరిగినా ఎదురుగా రంగు లైట్ల తోరణం, దాని కింద అడ్డంగా కర్ర. "ఇటు దారి లేదండి, అమ్మవారున్నారు," అనేవాళ్ళు. అమ్మవారున్నారు కాబట్టి దారి లేదనడం నాకు భలే నచ్చింది. చుట్టూ తిరిగి తిరిగి వదినగారి వీధికి చేరేసరికి ఊరంతా చూసేసినట్టయింది.

వదిన అరుగు మీదే కూర్చుని ఉంది. నన్ను చూడగానే, "ఆ పూతరేకులావిడ నోట్లో నువ్వు గింజ నానదు," అంది. అంటూనే ఎడంచేత్తో నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టు సడలడానికి చాలాసేపు పట్టింది.

లోపలికి వెళ్ళి కాళ్ళు కడుక్కున్నానో లేదో, ఉత్సవ కమిటీ వాళ్ళు వచ్చారు. కమిటీ ప్రెసిడెంటుగారికి అదే వీధి మొదట్లో సెల్ ఫోన్ల కొట్టు ఉంది. ముప్పై అయిదేళ్ళుంటాయి. మెళ్ళో ఎర్ర కండువా, చేతిలో రెండు ఫోన్లు. వదిన చేతి ముద్దలు తిని పెరిగినవాడే.

"పెద్దమ్మగారూ, మీరేమీ అనుకోకండి. అన్నపూర్ణ అలంకారం నాటి పులిహోర ఈసారి కేటరింగ్ వాళ్ళకి చెప్పేద్దామనుకుంటున్నామండి."

"ఎందుకురా?"

"మీ చెయ్యి…"

"చెయ్యి విరిగిందిరా, నోరు విరగలేదు. చెప్పి చేయిస్తాను."

"ఎవరిచేతండి?"

వదిన నా వైపు చూసింది. "ఇదిగో, మా మరదలు. ఊళ్ళో పనులన్నీ మానుకుని దీని కోసమే వచ్చింది."

నేను ఆవిడ చెయ్యి చూడటానికి వచ్చాను. అరిటాకులు పట్టుకుని నిలబడి ఉన్నాను కాబట్టి ఏమీ అనలేకపోయాను.

ప్రెసిడెంటు కాసేపు కండువా సర్దుకున్నాడు. "సరేనండి. కానీ ఒక్క మాటండి. ఈసారి ఏమన్నా తేడా వచ్చిందనుకోండి, వచ్చే ఏటి నుంచి మాత్రం మాకు వదిలేయాలండి. వీధి పెరిగింది కదండీ. అపార్టుమెంట్లు వచ్చాయి. జనం మాటలంటారు."

"అలాగే," అంది వదిన.

వాళ్ళు వెళ్ళాక అన్నయ్యగారు, అంటే వదిన భర్తగారు, పేపరు వెనక నుంచి, "అలాగే అన్న మాట మీ వదిన నోట వినడం నాకిదే మొదలమ్మా," అన్నారు. వదిన నవ్వలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది.

"కాపురానికి వచ్చిన కొత్తలో ఈ వీధిలో నాకు ఎవరూ తెలియదే. పలకరించే దిక్కు లేదు. మొదటిసారి ఇక్కడ పందిరి వేసినప్పుడు, ఏం చెయ్యాలో తెలియక పులిహోర కలిపి పట్టుకెళ్ళాను. ఆ రోజు నుంచి అందరికీ పులిహోర పెద్దమ్మనయ్యాను. పువ్వులు ఒకరిస్తారు, లైట్లు ఒకరు పెట్టిస్తారు. నేను అమ్మవారికి ఇచ్చుకునేది ఇదొక్కటే. ఒక్కసారి గడప దాటి కేటరింగ్ చేతికి పోయిందంటే మరి నా దగ్గరికి రాదు."

ఆ క్షణం నుంచి నేను ఆవిడ కుడిచెయ్యినని ఒప్పేసుకున్నాను.

అన్నపూర్ణ అలంకారానికి ఇంకా రోజులున్నాయి. ఈలోగా సాయంత్రం దీపం పెట్టడం అవగానే మేమంతా వీధుల మీదే. వదిన కోడలు బళ్ళో టీచరు, దసరా సెలవులు. అత్తని ఇంట్లో కూర్చోబెడితే కుదరదని తెలిసిన పిల్ల. ఆటో పిలిచి మా ఇద్దర్నీ దేవీచౌక్ వైపు తీసుకెళ్ళేది. అక్కడి వెలుగు గురించి ఏం చెప్పను! కొట్ల మీద నుంచి కొట్ల మీదికి లైట్ల పందిళ్ళు, వాటి కింద జనం, ఆ జనంలో పసిపిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్న తండ్రులు. లోపల అమ్మవారు. అంత గందరగోళంలోనూ అమ్మ ముఖం కనపడగానే చుట్టూ ఏ శబ్దమూ లేనట్టు ఉంటుంది నాకు. మా నాన్నగారు నన్ను బడికి పంపలేదు. పొద్దున్నే పక్కన కూర్చోబెట్టుకుని లలితా సహస్రనామం మీదే అక్షరాలు కూడబలికించారు. ఆ నామాలు ఏ ఊళ్ళో ఏ పందిట్లో నిలబడి అనుకున్నా మా ఇంటి వసారాలో కూర్చున్నట్టే ఉంటుంది.

దర్శనమయ్యాక తిండి. ఇది దాచుకోవడం ఎందుకు, నాకు తిండి ఇష్టం. పొద్దుటి నుంచి పాలూ పండుతో ఉండి, సాయంత్రం పూజయ్యాక తినే పిడికెడు దేనికైనా ఎంత రుచి! ఒక చిన్న కొట్టు ముందు నిలబడి రోజ్ మిల్క్ తాగాం. చల్లగా, చిక్కగా, అడుగున కోవా తగులుతూ. వదిన ఎడంచేత్తో గ్లాసు పట్టుకుని, "ఇంకోటి ఇప్పించవే," అని కోడల్ని అడిగింది. "అత్తయ్యా, షుగరు," అంది కోడలు. "చెయ్యి విరిగినదానికి కూడా ఆంక్షలేనా?" అంది. రెండోది ముగ్గురం పంచుకున్నాం.

బజ్జీల బండి దగ్గర మిరపకాయ బజ్జీ ఉల్లిపాయ లేకుండా ఇవ్వమంటే బండతను నన్ను జాలిగా చూశాడు.

"ఉల్లిపాయ లేకుండా బజ్జీ ఏంటండి?"

"అమ్మవారి రోజులు బాబూ."

"ముందే చెప్పాలి కదండీ," అని మిరపకాయ పొట్టలో వాము, చింతపండు కూరి వేరే మూకుట్లో వేయించి ఇచ్చాడు. "ఈ మూకుట్లో ఉల్లి తగల్లేదండి. నిమ్మదిగా తినండి, కాలుద్ది." నేను అడగని నిష్ఠ కూడా అతనే పాటించాడు. ఆ బజ్జీ రుచి ఇప్పటికీ నాలుక మీదుంది.

గాజుల కొట్టు దగ్గర వదిన ఆగింది. ఎర్ర మట్టిగాజులు ఎడంచేతికి నిండుగా వేయించుకుంది. గాజులామె అలవాటుగా, "రెండో చెయ్యి ఇవ్వండమ్మా," అంది. వదిన చీర కొంగు తీసి కట్టు చూపించింది. "దీనికి అమ్మవారే తొడిగింది తెల్ల గాజు. పెద్ద సైజు." గాజులామె నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. మరి నాలుగు గాజులు కాగితంలో చుట్టి, "కట్టు విప్పాక వేసుకోండమ్మా," అని చేతిలో పెట్టింది.

అలా సంతోషంగా తిరుగుతుండగానే అన్నపూర్ణ అలంకారం రానే వచ్చింది.

తెల్లవారుజామునే లేచి తలస్నానాలు చేసి మడి కట్టుకున్నాం. ఆ పనికి వదినవి రెండు నియమాలు. నైవేద్యం వండేటప్పుడు మాట్లాడకూడదు. మనసులో నామం చెప్పుకుంటూ చెయ్యాలి. రెండోది అందరికీ తెలిసిందే, అమ్మవారికి పెట్టకముందు రుచి చూడకూడదు, కావాలని వాసన కూడా పీల్చకూడదు. ఉప్పూ పులుపూ అంచనా మీదే వెయ్యాలి. మా ఇంట్లోనూ అంతే కాబట్టి నాకేమీ కొత్త అనిపించలేదు.

పెరట్లో పెద్ద గ్యాసు పొయ్యి మీద గుండిగలో నేను అన్నం వండుతున్నాను. వీధి వీధంతటికీ కదా, వాయి తరవాత వాయి. వంటింట్లో చిన్న పొయ్యి మీద చింతపండు పులుసు ఉడుకుతోంది. అది మాత్రం వదిన ఎవరికీ ఇవ్వలేదు. ఎత్తుపీట మీద కూర్చుని ఎడంచేత్తో గరిటె తిప్పుతోంది. పచ్చిమిర్చి, కరివేపాకు, చిన్న బెల్లం ముక్క, దించేముందు ఆవపిండి. ఆ ఘుమఘుమ పెరట్లోకి వస్తుంటే పీల్చకూడదు కాబట్టి నేను ముఖం అటు తిప్పుకున్నాను. పీల్చకుండా ఉండటం ఎంత కష్టమో!

గంజి వార్చిన అన్నాన్ని, కడిగి పరిచిన అరిటాకుల మీద ఆరబోశాను. పప్పునూనె, పసుపు, ఉప్పు వేసి మెతుకు విరక్కుండా కలిపాను. మా అమ్మ నేర్పింది అదే. పులిహోరకి ఉప్పు అన్నం వేడి మీద ఉండగానే పట్టించాలి, అప్పుడే మెతుకు మెతుక్కీ అందుతుంది. వాయి వాయికీ చేతి అంచనాతో వేశాను. వదిన సైగ చేస్తే వెళ్ళి పులుసు గిన్నె తెచ్చి పక్కన పెట్టుకున్నాను. ఇద్దరం కళ్ళతోనే నవ్వుకున్నాం. నామం మనసులో సాగుతోంది. పులుసు పోసి, పోపు పెట్టి, వేరుశనగ గుళ్ళు, జీడిపప్పు కలిపాను. రంగు చూస్తే బంగారం. ఇంత ప్రశాంతంగా నేనెప్పుడూ వంట చెయ్యలేదనుకున్నాను.

పందిట్లో అన్నపూర్ణమ్మ చేతిలో గరిటె, ఎదురుగా చెయ్యి చాచిన శివుడు. పంతులుగారు తెర వేసి నైవేద్యం పెట్టారు. గంట మోగింది. హారతి అయింది. గుండిగలు బల్లమీద పెట్టగానే జనం వరుస కట్టారు. నేను గరిటెతో దొప్పల్లో పెడుతున్నాను, కోడలు అందిస్తోంది. వదిన పక్కన కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్ళందర్నీ పలకరిస్తోంది. వీధి అంతా తిన్నాక గానీ ఆవిడ తినదు.

మొదట్లో నాకేమీ తెలియలేదు. కళ్ళకద్దుకుని, కళ్ళు మూసుకుని నోట్లో పెట్టుకున్నవాళ్ళు చటుక్కున కళ్ళు తెరుస్తున్నారు. భక్తి అనుకున్నాను. తరవాత చూస్తే మంచినీళ్ళ డ్రమ్ము దగ్గర ప్రసాదం దగ్గరకన్నా పెద్ద వరుస ఉంది. ఒక పసిది, "అమ్మా, ఉప్పూ!" అంది గట్టిగా. తల్లి దాని నోరు మూసి, "ప్రసాదాన్ని అలా అనకూడదు. మింగెయ్," అంది. తనూ మింగింది. ఎవ్వరూ ఒక్క మాట అనలేదు. అమ్మవారి ప్రసాదానికి ఎవరైనా వంక పెడతారా! దొప్పలు ఖాళీ చేసి, చేతులు కడుక్కుని, నీళ్ళు తాగి, మళ్ళీ నీళ్ళు తాగి వెళ్తున్నారు. రెండోసారి వరుసలోకి వచ్చినవాడు ఒక్కడూ లేడు.

అన్నయ్యగారు దొప్ప పట్టుకుని నా చెవి దగ్గరికి వంగి, "అమ్మవారు ఇవాళ అంతర్వేదిలో సముద్రస్నానం చేసి వచ్చిందా ఏంటమ్మా?" అన్నారు.

నాలుగు మెతుకులు నోట్లో వేసుకున్నాను. గరిటె గుండిగలో వదిలేసి వదిన దగ్గరికి వెళ్ళాను.

"ఏంటే, అలా అయిపోయావు?" అంది వదిన.

"వదినా, మీరు ఉప్పు పులుసులో వేశారా?"

"పులుసులో వెయ్యక ఎక్కడ వేస్తారే?"

"మా ఇంట్లో అన్నంలో కలుపుతాం వదినా."

వదిన ముఖంలో నవ్వు ఉన్నది ఉన్నట్టే కాసేపు నిలిచిపోయింది. ఆ పక్కనే ప్రెసిడెంటుగారు దొప్ప పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎటు చూడాలో తెలియక అన్నపూర్ణమ్మ వైపు చూస్తున్నాడు.

"నేనేరా," అంది వదిన అతనితో. "ఎడంచేతికి అంచనా అందలేదు."

"కాదు బాబూ, నేనే. ఆవిడది సరిగ్గానే ఉంది, పైన నేను వేశాను."

"నువ్వు ఊరుకోవే. పొయ్యి నాది."

"గరిటె నాది వదినా."

"తగువు ఇంటికెళ్ళి తీర్చుకోండి," అన్నారు అన్నయ్యగారు. "ఇద్దరూ వేశారు. ఇప్పుడు ఆ రెండు గుండిగల సంగతి చూడండి."

మిగిలింది పారబొయ్యడానికి లేదు, అది ప్రసాదం. పెట్టడానికీ లేదు, మనుషులు తినాలి. అమ్మా, ఈవిడ ఒక్క సేవనీ నా చేతులతోనే పోగొట్టిస్తావా అని అమ్మవారి గరిటె వైపు చూశాను.

అప్పుడు మాట్లాడింది కోడలు. "అత్తయ్యా, మనింట్లో తెల్లన్నం ఉంది. ఉప్పులేనిది. తెచ్చి కలిపేస్తే?"

"ఏ అన్నం?"

"కుక్కర్లోది."

"కుక్కరన్నమా! మడి లేదు, ఏమీ లేదు!"

"అమ్మవారికి నైవేద్యం అయిపోయిందిగా అత్తయ్యా. ఇప్పుడు తినేది మనుషులే."

వదిన పంతులుగారి వైపు చూసింది. ఆయన అప్పటికే మూడు గ్లాసుల నీళ్ళు తాగి ఉన్నారు. "ప్రసాదంలో కలిసింది ప్రసాదమేనమ్మా," అన్నారు. "శివుడంతటివాడు ఆవిడ దగ్గర అన్నం అడిగాడు. ఇవాళ ఆవిడ మన దగ్గర అడుగుతోందనుకోండి. తొందరగా తెమ్మనండి."

మా ఒక్క ఇంటి అన్నం ఏ మూలకి? ఆ సంగతి ప్రెసిడెంటుకే తట్టింది. పరుగున వెళ్ళి మైకు అందుకున్నాడు.

"వీధివాసులందరికీ ముఖ్య విజ్ఞప్తి. మీ మీ ఇళ్ళల్లో ఉన్న తెల్లన్నం, ఉప్పు లేనిది, గిన్నెలతో సహా తక్షణం అమ్మవారి పందిరి దగ్గరికి తీసుకురావలసిందిగా కోరుచున్నాము. తెల్లన్నం మాత్రమే. దయచేసి కూరలు తేవద్దు."

వీధి మొత్తం ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నట్టయింది. తిని ఏమీ అనలేక ఇళ్ళకి వెళ్ళినవాళ్ళందరికీ ఏం చెయ్యాలో ఇప్పుడు తెలిసింది. తలుపులు తెరుచుకున్నాయి. కొంగు కప్పిన గిన్నెలతో ఆడవాళ్ళు, మూత పెట్టిన హాటుప్యాకులతో మగవాళ్ళు. ఒకరిది సన్నన్నం, ఒకరిది ముతకన్నం, ఒకావిడది పొగలు కక్కుతూ అత్తెసరన్నం. మేడ మీద గదిలో ఉండే కాలేజీ పిల్లలు కుక్కరే ఎత్తుకొచ్చారు. దాని మూత ఊడటానికి ఇద్దరు పట్టుకుని లాగాల్సి వచ్చింది. ఒకావిడ ఆయాసపడుతూ వచ్చి, మూత తీసి చూసుకుని, "అయ్యో, పెరుగు కలిపేశాను," అని మళ్ళీ వెనక్కి పరిగెత్తింది. కొత్తగా కట్టిన అపార్టుమెంటులో నుంచి, ఆ వీధిలో ఇంకా ఎవరికీ పరిచయం లేని ఒక అమ్మాయి చిన్న గిన్నె పట్టుకుని వచ్చి దూరంగా నిలబడింది. "ఇద్దరమేనండి మేము. ఇంతే ఉంది," అంది.

వదిన కుర్చీలోంచి లేచింది. "ఇటు ఇయ్యి తల్లీ. ముందు నీదే పోద్దాం."

కొత్త అరిటాకులు పరిచాం. ఉప్పటి పులిహోర కొంత, ఇంటింటి అన్నం కొంత. ఎవరో పప్పునూనె సీసా తెచ్చారు, ఎవరో నిమ్మకాయలు పిండారు. చేతులు కడుక్కుని ఆడవాళ్ళంతా చుట్టూ కూర్చుని కలుపుతుంటే గాజుల చప్పుడు మైకులో కూడా వినిపించింది. ఒకావిడ వదినతో, "ఇప్పుడైనా రుచి చూడండి పెద్దమ్మగారూ. నైవేద్యం అయిపోయిందిగా," అంది.

వదిన చిన్న ముద్ద ఎడంచేత్తోనే తీసుకుంది. ఇన్నేళ్ళుగా ఈ పులిహోర చేస్తూ, కలుపుతూ ఉండగా ఆవిడ రుచి చూడటం అదే మొదటిసారి. కళ్ళు మూసుకుంది. మేమంతా ఆవిడ దవడ వైపే చూస్తున్నాం.

"ఇంకొంచెం అన్నం," అంది.

కలిపాం. మళ్ళీ చూసింది.

"ఇంక చాలు. ఇప్పుడు కుదిరింది."

ఆ అరుపులు, ఆ చప్పట్లు వినాలి! పందిరి పక్కనున్న తాషా డప్పులవాళ్ళు ఎవరూ చెప్పకుండానే వాయించేశారు. రెండు గుండిగలు నాలుగయ్యాయి. నీళ్ళు తాగి వెళ్ళినవాళ్ళందరూ తిరిగొచ్చారు. అయినా తరగలేదు. వరుస వీధి మొదలు దాటి పెద్ద రోడ్డు మీదికి వెళ్ళింది. ఆటోలవాళ్ళు ఆపుకుని తిన్నారు. రోడ్లు ఊడ్చే ఆడవాళ్ళు చీపుళ్ళు గోడకి ఆనించి, నీడలో వరుసగా కూర్చుని తిన్నారు. ఆగిన సిటీ బస్సు కిటికీల్లోంచి చేతులు చాచారు. నేను పెట్టాను. పెడుతూనే ఉన్నాను. నా భుజం నొప్పి పుట్టింది. ఆ నొప్పికి కూడా అమ్మకి దణ్ణం పెట్టుకున్నాను. ఇంతమందికి అన్నం పెట్టే యోగం మా ఊళ్ళో ఉంటే నాకు ఏ జన్మకి వచ్చేను!

చివరికి మేమూ ఆకులు వేసుకుని రోడ్డు మీదే కూర్చున్నాం. వదినకి కోడలు ముద్దలు కలిపి ఇచ్చింది. అప్పుడు ప్రెసిడెంటుగారు కమిటీవాళ్ళని వెంటబెట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. నవ్వుతున్నవాళ్ళం ఆగిపోయాం. నేను వచ్చిన రోజు వాళ్ళు అనుకున్న మాట అందరికీ గుర్తుంది.

"పెద్దమ్మగారూ, తేడా వచ్చిందండి," అన్నాడు.

వదిన తినడం ఆపింది. "వచ్చిందిరా. కాదనను. మాట మాటే. వచ్చే ఏటి నుంచి మీ ఇష్టం." అని ఆకు మీదున్న మెతుకులు వేలితో ఒక దగ్గరికి చేరుస్తూ కూర్చుంది. అరిచే మనిషి అరిస్తే భయముండదు. అలా నెమ్మదిగా చెబుతుంటే నాకు దుఃఖం ఆగలేదు.

అతను చతికిలబడి ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. "నేను ఆలోచించుకున్నానండి. కేటరింగ్ వాడికి చెబితే గుండిగ వస్తుందండి, వడ్డిస్తారు, పట్టుకెళ్తారు. మన వీధి అపార్టుమెంటు వాళ్ళ పేర్లు నాకే ఇవాళ తెలిశాయండి, గిన్నెలు తిరిగి ఇచ్చేటప్పుడు. అందుకని, వచ్చే ఏడు అన్నం మేమే తెస్తామండి. ఇంటింటికీ ఒక గిన్నె. మడిగా ఎలా వండాలో మీరు చెప్తే మా ఆడవాళ్ళు వండుతారు. పులుసు మాత్రం మీదేనండి. అందులో మేము వేలు పెట్టం."

వదిన ముక్కు ఎగబీల్చింది. అన్నయ్యగారి వైపు చూసింది. ఆయన ఎప్పుడూ వేసే చతురు ఆ పూట వెయ్యలేదు.

"ఎవరింట్లోనూ అన్నంలో ఉప్పు వెయ్యకూడదు," అంది చివరికి.

"వెయ్యరండి. మైకులో చెప్తాను."

ఇది జరిగాక రెండు దసరాలు వెళ్ళాయి. ఇప్పుడు ఆ వీధిలో అన్నపూర్ణ అలంకారం నాడు తెల్లవారకముందే ఇంటింటా పొయ్యి వెలుగుతుంది. తలస్నానాలు చేసి, మాటల్లేకుండా, గిన్నెలు పట్టుకుని ఒకరి వెనక ఒకరు వదిన పెరట్లోకి వస్తారు. ఆ నిశ్శబ్దంలో మట్టెల చప్పుడు తప్ప ఏమీ వినపడదు. ఆ రోజు చిన్న గిన్నె తెచ్చిన అపార్టుమెంటు అమ్మాయి ఇప్పుడు వదిన పక్కనే పీట వేసుకుని పోపు పెడుతుంది. నేను ఏటా వెళ్తున్నాను. నాకు అప్పజెప్పింది అన్నం కలిపే పని ఒక్కటే, అది చాలు.

కట్టు విప్పారు గానీ వదిన చెయ్యి మునుపటిలా రాలేదు. మణికట్టు కొంచెం వంకరగా అతికింది. చలికాలం సలుపుతుంది, గరిటె ఎక్కువసేపు పట్టుకుంటే వణుకుతుంది. "వచ్చే ఏడు తిప్పగలనో లేదో," అని మొన్న ఫోనులో అంది. అంటుందే గానీ చింతపండు అప్పుడే కొని, గింజ తీసి, ఎండబెట్టి ఉంచిందని కోడలు చెప్పింది.

అందుకని ఇది చదివినవాళ్ళని ఒకటి అడుగుతున్నాను. మీ వీధిలోనూ పందిరి ఉంటుంది. ఏదో ఒక సాయంత్రం ఎవరో మీ చేతిలో ప్రసాదం పెడతారు. అది కళ్ళకద్దుకునేటప్పుడు మా వదినగారిని ఒక్కసారి తలుచుకోండి. పేరు అక్కర్లేదు. రాజమండ్రిలో ఒక పెద్దావిడ, కుడి మణికట్టు కొంచెం వంకర, పులుసు ఆవిడే పెట్టుకోవాలి అనుకుంటే చాలు. ఎవరి గురించో అమ్మకి తెలుస్తుంది.